చెరువు కట్ట మీద గేటు

ఆనేకల్ దాటి తళ్ళి వైపు పోయే సైకిల్ దారుల గురించి బెంగళూరులో ఎవరిని అడిగినా మెచ్చుకుంటారు. ఎత్తుపల్లాల రోడ్డు, పక్కన అడవి, మలుపు తిరిగితే చెరువు, కర్ణాటక ఎక్కడ అయిపోయి తమిళనాడు ఎక్కడ మొదలైందో కాళ్ళకు తెలియని సరిహద్దు. అన్నీ నిజమే. వెళ్ళకముందు నేనూ ఆ ఫొటోలే చూసి ముచ్చటపడ్డాను. ఇది మాత్రం కోపంతో రాస్తున్నానని ముందే చెబుతున్నాను. దారి బాగాలేదని కాదు. అంత బాగున్న దారిలో ఎవరు పోవచ్చో, ఎవరు పోకూడదో చూసొచ్చాను కాబట్టి.

నేను ఎలక్ట్రానిక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తాను. మాది రాయచోటి. నలభై దాటాక సైకిల్ పట్టుకున్నదాన్ని. నాతో వచ్చింది మేరీ. బాపట్ల అమ్మాయి, ఒక ఆసుపత్రిలో నర్సు, మడివాళలో పీజీ హాస్టల్లో ఉంటుంది. వారాంతాల్లో సైకిళ్ళు తొక్కే గుంపులో పరిచయమై నన్ను అక్కా అని పిలవడం మొదలుపెట్టింది. డిసెంబరులో ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికింది. గుంపులో మిగతావాళ్ళు ఎవరూ కుదరదన్నారు. మేమే బయల్దేరాం.

చందాపుర

బెంగళూరు వదలడమే ఒక యుద్ధం. చందాపుర సర్కిల్ దగ్గర ఆగిన కారులోంచి ఒకాయన వెనక చూడకుండా తలుపు తీశాడు. మేరీ తప్పించుకోబోయి డివైడరు పక్కన పడింది. మోకాలు చీరుకుపోయింది. ఆయన దిగి ముందు తలుపుకి గీత పడిందేమోనని చేత్తో తుడిచి చూశాడు. తర్వాత మా వైపు తిరిగి, ఆడవాళ్ళకు ఈ రోడ్డు మీద సైకిళ్ళెందుకని కన్నడంలో తిట్టాడు. నాకు కన్నడం బాగానే వచ్చు. నేనూ ఊరుకోలేదు. మేరీ మాత్రం ఆ గొడవంతా వినపడనట్టు రోడ్డు పక్క కూర్చుని, తన సంచిలోంచి దూది తీసుకుని మోకాలికి తనే కట్టు కట్టుకుంది. "పదక్కా, ఇక్కడే అరిస్తే మధ్యాహ్నానికి గొంతు ఉండదు," అంది. అది నిజమే, గొంతు తర్వాత చాలా అవసరమైంది.

ఆనేకల్

ఆనేకల్‌లో బస్టాండు వెనక చిన్న హోటల్లో తట్టె ఇడ్లీ తిన్నాం. చిన్న పళ్ళెమంత వెడల్పు, దాని మీద వెన్న కరుగుతూ ఉంటుంది. మా రాయచోటిలో ఇడ్లీకి పక్కన కారంపొడి లేకపోతే తినరు. ఇక్కడ పచ్చి కొబ్బరి చట్నీ పోసి ముంచేస్తారు. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కాఫీకి ఇచ్చే డబ్బుతో ఇద్దరం కడుపు నింపుకున్నాం.

హోటలాయన మంచివాడే. రెండోసారి చట్నీ అడగకుండానే పోశాడు. పోస్తూ, మీ ఆయన ఒప్పుకున్నాడా ఇట్లా తిరిగేదానికి అని అడిగాడు. మా పక్క బల్ల దగ్గర కూర్చున్న నలుగురు మగవాళ్ళూ మోటారు సైకిళ్ళ మీద ఊటీ పోతున్నారు. వాళ్ళ ప్రయాణానికి వాళ్ళ ఇళ్ళల్లో ఎవరు ఒప్పుకున్నారో ఆయన అడగలేదు. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన నవ్వేసి, తప్పాయితమ్మా అన్నాడు. ఈ ప్రయాణంలో తప్పు ఒప్పుకున్న మగవాడు ఆయనొక్కడే. అందుకని ఆయన మీద కోపం అక్కడే వదిలేశాను.

చెరువు

ఆనేకల్ దాటాక రోడ్డు అలలా లేచి దిగుతుంది. ఎక్కేటప్పుడు ఊపిరి సరిపోదు, దిగేటప్పుడు చలిగాలికి కళ్ళల్లో నీళ్ళొస్తాయి. నీలగిరి తోపులు, కోసిన రాగి చేలు, గులాబీలు పెంచే ప్లాస్టిక్ పందిళ్ళు. ఒక చోట దుకాణాల బోర్డుల మీద కన్నడం పోయి తమిళం వచ్చింది. అదే సరిహద్దు. దాని రెండు పక్కలా జనం మాట్లాడుకుంటున్నది మాత్రం తెలుగు.

అక్కడికి కొంత దూరంలో ఒక ఊరు ఉంది. పేరు రాయను, ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది. ఊరి చివర పెద్ద చెరువు. మా గుంపు వాళ్ళు వాడే మ్యాపులో దారి ఆ చెరువు కట్ట మీదుగానే పోతుంది. కట్ట మొదట్లో ఎరుపు తెలుపు చారల అడ్డకట్టె, పక్కన కాపలా గది. మమ్మల్ని దూరం నుంచి చూడగానే కాపలాదారు తాడు లాగి కట్టె ఎత్తాడు. మేం దగ్గరికొచ్చేసరికి నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. పేరు అడగలేదు, ఎక్కడికని అడగలేదు.

కట్ట మీద రోడ్డు అద్దంలా ఉంది. ఒక పక్క నీళ్ళు, నీళ్ళ మీద బాతులు, అవతలి ఒడ్డున కడుతున్న విల్లాలు. అన్నీ ఒకే రంగు, ఒకే అచ్చు. సైటు మేనేజరు అనే కుర్రాయన ఎదురొచ్చి మంచినీళ్ళ సీసాలు ఇచ్చాడు. విజయవాడ వైపు మాట. మేం తెలుగువాళ్ళమని తెలిసి సంతోషపడి, కట్ట మీద సైకిల్ తొక్కుతుండగా ఒక ఫొటో తీసుకోవచ్చా, బ్రోషరులో వేసుకుంటాం, మీలాంటి వాళ్ళు వస్తుంటే మాకు మంచి పేరు అన్నాడు. తీసుకోమన్నాం. ఫొటో బాగా వచ్చింది కూడా. ఒడ్డున లంటానా పొదల మధ్య నిలువు రాళ్ళు కొన్ని కనిపించాయి. కట్టడానికి తెచ్చి మిగిలిపోయిన రాళ్ళనుకున్నాం. అవతలి కొసన పెద్ద ఆర్చి, అక్కడా కాపలా, అక్కడా సెల్యూట్. దాటుకుని తళ్ళి రోడ్డెక్కాం.

డెంకణికోట

ఆ రాత్రికి డెంకణికోటలో లాడ్జి. గుమస్తా మా కార్డులు రెండు వైపులా తిప్పి చూసి, జెంట్స్ ఎవరూ రాలేదా అని అడిగాడు. సైకిళ్ళు ఆడవాళ్ళవే అని మేరీ చెప్పింది. గది ఇచ్చాడు గానీ, సైకిళ్ళు గదిలో పెట్టుకోవడానికి విడిగా డబ్బు తీసుకున్నాడు.

సాయంత్రం బజారులో కనకాంబరాలు అమ్మే ఒకామె మా మాట విని, యా ఊరు మీది అని అడిగింది. రాయచోటి అనగానే చేతిలో దండ ఆపేసింది. వాళ్ళ ముత్తాతలు కడప దిక్కు నుంచే వచ్చారట. ఎప్పుడో, ఎందుకో ఆమెకు తెలియదు. ఇంట్లో మాత్రం ఆ మాటే ఉండాది అంది. ఆ 'ఉండాది' వినగానే నాకు మా మేనత్త గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ళుగా బెంగళూరు ఆఫీసుల్లో నేను జాగ్రత్తగా దాచుకున్న యాసను ఈమె తమిళ దేశంలో నడిరోడ్డు మీద పూలు అమ్ముతూ దర్జాగా మాట్లాడుతోంది. పూలకు డబ్బు తీసుకోనంది. బలవంతాన ఇచ్చొచ్చాం.

అడవి

రెండోరోజు పొద్దున జవళగిరి అడవి వైపు పోయాం. కోతల కాలం కాబట్టి రాగి చేల కోసం ఏనుగులు దిగే రోజులు. ఒక మలుపులో అటవీశాఖ వాచరు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ముందు ఒక మంద రోడ్డు దాటబోతోంది, పిల్ల కూడా ఉండాది, సల్ప సేపు మాట్లాడకుండా నిలబడండి అన్నాడు. నిలబడ్డాం. ఇటు రెండు బస్సులు, అటు పాల వ్యాను, అందరూ ఇంజన్లు ఆపేశారు. వెదురు విరుగుతున్న చప్పుడు మాత్రమే వినిపిస్తోంది. అలాంటి నిశ్శబ్దం నేను బెంగళూరులో వినలేదు.

దాన్ని ఒక పెద్ద కారు చెడగొట్టింది. బెంగళూరు నంబరు, లోపల ఐదుగురు కుర్రాళ్ళు, బయటిదాకా హోరుమంటున్న పాట. బస్సులను దాటుకుని ముందుకొచ్చి హారన్ మోగించారు. వాచరు వద్దని చేతులూపుతుంటే ఒకడు కిటికీలోంచి చిప్సు పొట్లం ఏనుగుల వైపు విసిరాడు. దాటబోతున్న తల్లి ఏనుగు వెనక్కి తిరిగింది. చెవులు విప్పింది. పిల్లను కాళ్ళ మధ్యకు లాక్కుని, మా వైపు రెండడుగులు వేసి ఆగింది. బస్సులో ఎవరో పిల్లవాడి నోరు మూశారు. ఆ రెండడుగులు ఇంకో నాలుగైతే ఈ కథ రాయడానికి నేను ఉండను.

మంద తిరిగి అడవిలోకి పోయింది. నేను కారు దగ్గరికి పోయి అద్దం మీద కొట్టాను. వాళ్ళలో ఒకడు తెలుగులోనే, "చిల్ ఆంటీ, ఏం కాలేదుగా," అన్నాడు. మా ఆఫీసు లిఫ్టులో రోజూ వినపడే గొంతు లాంటి గొంతు. వాచరు వాళ్ళ నంబరు రాసుకుంటానంటే, రాసుకో, ఎవరికి ఫోన్ చెయ్యాలో మాకు తెలుసన్నారు. ఆయన రాసుకోలేదు. వాళ్ళు పోయాక ఆయనే రోడ్డు దిగి చిప్సు పొట్లం ఏరి జేబులో పెట్టుకున్నాడు. మంద మాత్రం దాటాల్సిన చోట దాటలేదు. రాత్రికి ఏ ఊరి చేలో దిగుతుందోనని ఆయన దిగులు.

ఉలవ కట్టె

వెనక్కి వేరే రోడ్డున తిరిగి, పొద్దు వాలే వేళకు మొదటిరోజు చూసిన చెరువు ఊరి దగ్గరికే వచ్చాం. అక్కడ రైతులు ఉలవ కట్టెను, అంటే కాయలతో సహా పీకిన ఉలవ తీగలను, తారు రోడ్డు మీద పరిచేస్తారు. వచ్చేపోయే బండ్లే దాన్ని తొక్కి నూరుస్తాయి. కార్లకు ఏమీ కాదు. నా సైకిల్ వెనక చక్రంలో ఆ తీగలు చుట్టుకుని, గేరు మార్చే భాగం వంగి చక్రం పుల్లల్లో ఇరుక్కుంది. నేను ఉలవల మీద మెత్తగా పడ్డాను.

కట్టె తిరగేస్తున్న ఒకామె పరిగెత్తుకొచ్చి, ముందు నన్ను లేపి, తర్వాత సైకిల్‌ను చూసి, తర్వాత పడిపడి నవ్వింది. ఆమె పేరు మునిరత్నమ్మ. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది. కౌలుకు తీసుకున్న రెండు మళ్ళల్లో ఉలవలు వేసింది. భర్త నారాయణప్ప జిగణిలో ఫ్యాక్టరీలో షిఫ్టు పని, వారానికోసారి వస్తాడు. హొసూరు నుంచి మెకానిక్ రావాలంటే మరుసటి రోజే. మునిరత్నమ్మ ఆలోచించలేదు. "మా ఇంట్లో పండుకోండి అక్కా. యాడికి పోతారు ఈ పొద్దులో," అని సైకిల్ భుజానికెత్తుకుని ముందు నడిచింది.

ముద్ద, ఉప్పుసారు

రాత్రి తిండి రాగి ముద్ద, ఉలవ కట్టుతో కాచిన ఉప్పుసారు అనే చారు. మా వైపు సంగట్లో బియ్యం కలుపుతాం. ఇక్కడ ఉత్త రాగి పిండే. నమలకూడదు, మింగాలి. మేరీ నమిలి అవస్థ పడింది. సారులో నూరిన మిరియాలు, వెల్లుల్లి ఘాటుకు నా జలుబు వదిలింది. ఇంతకంటే మంచి భోజనం ఆ మూడు రోజుల్లో తినలేదు.

నడవలో మంచం మీద మునిరత్నమ్మ అత్త వెంకటమ్మ పడుకుని ఉంది. నెల నుంచీ లేవలేదట. మేరీ వెళ్ళి చెయ్యి పట్టుకుని నాడి చూసింది, కాళ్ళ వాపు చూసింది, ఊపిరి విన్నది. ఆసుపత్రికి తీసుకెళ్ళారా అని అడిగితే, హొసూరు పెద్దాసుపత్రి వాళ్ళే ఇంటికి తీసుకుపొమ్మని పంపించారని చెప్పింది మునిరత్నమ్మ. మేరీ ఆమెను పెరట్లోకి పిలిచి, ఇంక ఎంతో సమయం లేదని మెల్లగా చెప్పింది.

మునిరత్నమ్మ ఏడవలేదు. తెలుసు అంది. తన భయం చావు గురించి కాదంది. అప్పుడు చెప్పింది చెరువు సంగతి.

వాళ్ళ కాలనీలో ఎవరికీ సొంత భూమి లేదు. భూములున్నవాళ్ళు తమ చేన్లోనే పూడ్చుకుంటారు. వీళ్ళకు చెరువు అవతలి ఒడ్డే పూడ్చుకునే చోటు. ముత్తాతల కాలం నుంచీ కట్ట మీదుగానే మోసుకుపోయేవాళ్ళు. విల్లాలు కడుతున్నవాళ్ళు ఒడ్డుతో పాటు కట్టను కూడా కంచెలో కలిపేసుకుని అడ్డకట్టె పెట్టారు. ఆవులు పోకూడదు, నీళ్ళకు పోకూడదు, శవాలు అసలే పోకూడదు. అధికారులకు అర్జీ ఇచ్చారు. కొలుస్తాం అన్నారు, ఇంకా కొలుస్తూనే ఉన్నారు. మేము చూసిన నిలువు రాళ్ళు వీళ్ళ సమాధులు.

"పోయిన నెల మా పక్కింటి మునియప్ప చచ్చిపోతే గేటు తియ్యలా," అంది. "పాడె దించి మొక్కినాము. తియ్యలా. రాళ్ళ క్వారీ పక్క పూడిస్తిమి. ఆడ మన్ను లోతు లేదు. మూడో దినం పొయ్యి చూస్తే కుక్కలు తవ్వుండాయి అక్కా."



వెంకటమ్మకు ఇవన్నీ ఎవరూ చెప్పలేదు. ఆమె భర్త ఆ ఒడ్డునే ఉన్నాడు. ఆయన పక్కన పెట్టండి అన్నది ఆమె చివరి కోరిక. మేము పడుకోబోయే ముందు కూడా మంచంలోంచి అదే మాట అడిగితే, మునిరత్నమ్మ సరే అత్తా, ఆడనే అని దుప్పటి సర్దింది.

గేటు

తెల్లవారేసరికి వెంకటమ్మ పోయింది. నిద్రలోనే. మేరీయే ముందు చూసి, కళ్ళు మూసి, గుడ్డతో గడ్డం కట్టింది. నారాయణప్ప మొదటి బస్సుకు వచ్చాడు. కాలనీ వాళ్ళంతా చేరారు. మగవాళ్ళు వెదురు కోసి పాడె కడుతున్నారు గానీ, ఎటు మోయాలో ఎవరూ అనడం లేదు. ఒకాయన క్వారీ అన్నాడు. నారాయణప్ప కొడవలి కింద పెట్టి, మా అమ్మను కుక్కలకు వెయ్యను అన్నాడు. 

మునిరత్నమ్మ స్నానం చేసి తడి తలతోనే మా దగ్గరికి వచ్చింది. నేను ఆమెను ఓదార్చాలనుకుని లేచాను. ఆమె ఓదార్పు కోసం రాలేదు.

"మీరు ముందు పోండక్కా," అంది. "మిమ్మల్ని చూస్తేనే వాడు కట్టె ఎత్తుతాడు. ఎత్తినంక దాని కిందే నిలబడుకోండి. మీరు కదలకుండా ఉంటే చాలు. తక్కింది మేము చూసుకుంటాము."

నాకు భయం వేసింది. పోలీసులు, ఆఫీసు, ఎవరైనా వీడియో తీసి పెడితే, అన్నీ ఒక్కసారిగా మెదిలాయి. మేరీ అప్పటికే హెల్మెట్ పెట్టుకుంటోంది. నా సైకిల్ తొక్కే స్థితిలో లేదు, అయినా నడిపించుకుంటూ పోవచ్చు. వెళ్ళాం.

తప్పెటలు మోగించకుండా ఊరంతా మా వెనక నీలగిరి తోపులో ఆగింది. కాపలాదారు మమ్మల్ని గుర్తుపట్టాడు. తాడు లాగాడు. కట్టె లేచింది. సెల్యూట్ కొట్టాడు. నేను కట్టె కింద ఆగి సైకిల్‌ను రోడ్డుకు అడ్డంగా పడుకోబెట్టాను. మేరీ తన సైకిల్ పక్కనే నిలబెట్టి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుంది. ఏమైంది మేడమ్, పంచరా అని అడిగాడు కాపలాదారు, పాపం. అప్పుడే తోపులోంచి తప్పెట మోగింది.

అతనికి అర్థమైంది. మడకశిర మనిషి, పెళ్ళాం పిల్లలు ఊళ్ళో, తను ఇక్కడ ఆ గదిలోనే వండుకుంటాడు. అడ్డం తప్పుకోమని మమ్మల్ని రెండుసార్లు అడిగాడు. కదిలేది లేదన్నాను. నా ఉద్యోగం పోతుందమ్మా అన్నాడు.  పాడె మలుపు తిరిగి కనపడింది. అతను తాడు గుంజకు చుట్టి ముడి వేశాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, గది వెనక్కి పోయి నిలబడ్డాడు.

మేనేజరు బ్యాటరీ బండి మీద వచ్చాడు. ముందు నాతో మర్యాదగానే మాట్లాడాడు.

"మేడమ్, మీరు ఎడ్యుకేటెడ్. ఇది ప్రైవేట్ ప్రాపర్టీ. ఇవాళ సైట్ విజిట్ ఉంది, ఫ్యామిలీస్ వస్తున్నారు. శవాన్ని చూశాక ఎవరు కొంటారు చెప్పండి?"

మొన్న మమ్మల్ని ఫొటో తీసుకునేటప్పుడు ప్రైవేటని చెప్పలేదే అన్నాను. మీరు గెస్టులు మేడమ్ అన్నాడు.

మేరీ పాడె వైపు చూపించింది. "మరి ఆవిడ ఎవరండీ?"

అతను ఆ వైపు చూడలేదు. ఫోన్ తీశాడు. ఎవరికో సర్, సర్ అంటూ ఇంగ్లీషులో ఫిర్యాదు చేశాడు. నాకు అతన్ని చెంప మీద కొట్టాలనిపించింది. అతను రాక్షసుడేమీ కాదు. మా ఆఫీసులో ఏ టీంలో వేసినా సరిగ్గా సరిపోతాడు. పండక్కి స్వీట్లు పంచుతాడు. ఆ సంగతి నా కోపాన్ని ఇంకా పెంచింది.

పాడె వచ్చింది. మోసేవాళ్ళు నా సైకిల్ పక్కన ఒక్క క్షణం ఆగి, జరిగి, దాటారు. వాళ్ళ వెనక ఆడవాళ్ళు. మా వైపు ఆడవాళ్ళం శ్మశానానికి పోము. ఈ ఊళ్ళో పోతారు. మునిరత్నమ్మ నీళ్ళ కుండ పట్టుకుని దాటుతూ మా వైపు తల తిప్పలేదు. తిప్పాల్సిన అవసరమూ లేదు, అది ఆమె దారి. ఆ అద్దం లాంటి రోడ్డు మీద పగిలిన కాళ్ళు, మట్టి కాళ్ళు, చెప్పుల్లేని కాళ్ళు వరసగా పోతుంటే మేనేజరు ఫోన్ చెవిన పెట్టుకునే పక్కకు జరిగాడు. అంతమందిని ఆపడం అతని వల్ల కాలేదు.

వాళ్ళు పూడ్చి తిరిగొచ్చేదాకా మేము అక్కడే ఉన్నాం. ఎండెక్కింది. సైట్ చూడ్డానికి వచ్చిన ఒక కారు గేటు దగ్గర ఆగింది. లోపలి పెద్దావిడ అద్దం దించి, ఏం జరిగిందని అడిగింది. మేరీ చెప్పింది. ఆవిడ అయ్యో అని, కారు వెనక్కి తిప్పమంది. ఆ అయ్యో ఎవరి కోసమో నాకు తెలియదు.

ఎలక్ట్రానిక్ సిటీ

నా సైకిల్‌ను టెంపోలో వేసుకుని ఇల్లు చేరాం. పోలీసులెవరూ రాలేదు. వచ్చింది మా సైకిల్ గుంపు వాళ్ళ కోపం. ఆ కట్ట మీదికి ఇక సైకిళ్ళను కూడా రానిచ్చేది లేదని విల్లాల వాళ్ళు కబురు పెట్టారట. గుంపు నడిపే ఆయన, ఎంతో కష్టపడి వాళ్ళతో మంచి సంబంధం పెంచుకున్నాం, మీ ఇద్దరి వల్ల అందరికీ మంచి రూటు పోయింది, లోకల్ గొడవల్లోకి మనమెందుకు వెళ్ళాలి అని గుంపు చాట్‌లో రాశాడు. దాని కింద బొటనవేళ్ళు వరసగా పడ్డాయి. వాళ్ళల్లో సగంమంది తెలుగువాళ్ళే. వాళ్ళలో ఒక్కరు కూడా, పోయినామె ఎవరని అడగలేదు.

నేను ఒకే మాట రాశాను. మీకు రూటు పోయి వారమైంది, వాళ్ళకు పోయి రెండేళ్ళయింది అని. రాసి గుంపులోంచి బయటికొచ్చాను. మేరీ నాకంటే ముందే వచ్చేసింది.

కాపలాదారును అక్కడి నుంచి తీసేశారు. ఈ సంగతి మునిరత్నమ్మే ఫోన్లో చెప్పింది. నారాయణప్ప తన ఫ్యాక్టరీలో అడిగి చూస్తున్నాడట. అతని సంగతి తలుచుకుంటే నా కోపం ఎటు తిరగాలో తెలియక నా మీదికే వస్తుంది.

గేటు ఇంకా ఉంది. కానీ దినాల కర్మకు ఊరంతా మళ్ళీ పోయింది. కొత్త కాపలాదారు ఆపబోయి, తప్పెటలూ ఆ జనమూ చూసి కట్టె ఎత్తేశాడు. ఆ తర్వాత దీపం పెట్టేకి అని రోజూ ఎవరో ఒకరు పోతున్నారు. దీపం పెట్టి వచ్చేటప్పుడు ఆవును కూడా నీళ్ళకు తోలుకొస్తున్నారు. మా అత్త పోయి దోవ ఇచ్చిపోయింది అక్కా అంది మునిరత్నమ్మ, గర్వంగా.

మేరీ విని సంతోషపడింది. నాకు సంతోషం రాలేదు. ఊరి దారి ఊరికి దొరకడానికి ఒక మనిషి చావాల్సొచ్చింది. చచ్చాక కూడా ఆ మనిషికి ముందు ఇద్దరు హెల్మెట్ల వాళ్ళు నడవాల్సొచ్చింది. ఇందులో మెచ్చుకోవడానికి ఏముంది? ఆ మాటే ఫోన్లో అన్నాను. ఆ కట్టె పీకేసిన రోజు వస్తాను, అప్పటిదాకా ఆ దిక్కు రాను అన్నాను.

 ఫోన్లో ఆమె వెనకాల ఉలవలు చెరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అది పీకేదాకా మేము ఈడనే ఉండాల కదక్కా," అంది మునిరత్నమ్మ. "నువ్వు కోపం చేసుకోని ఆడ కూచుంటే ఎవురికి నష్టం? రా. వచ్చి మాతో పాటు ఆ కట్ట మీద నడువు."

ఈ శనివారం పోతున్నాం, మేరీ, నేను. కోపం తగ్గి కాదు.